నడుము వంగినవారి నడిగితిరా?

త్రాగునీటిలోని ఫ్లోరైడువలన మనుష్యుల యెముకలు బిగిసి వంగిపోవుచున్నవని భారతదేశమునకు మొట్టమొదట 1937లో తెలిసినది మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి. ఆ జిల్లాలోని కనిగిరి, పొదిలి, దర్శి సీమలును, కర్నూలు జిల్లాలోని మార్కాపురము, గిద్దలూరు సీమలును 1970లో ఏర్పడి పిదప ప్రకాశమను పేరు దాల్చిన జిల్లాలో చేరినవి. ఎల్లలు మారినను అనేక గ్రామములలో బోరునీటి గుణము మారలేదు.

నాటినుండి పరిశోధకులు సీసాలతో నీరు పట్టిరి, పిల్లల పళ్ల గారను పరీక్షించిరి, ఎక్స్‌రేలు తీసిరి. ఆ శ్రమను చులకనచేయుట నా యుద్దేశము కాదు. పటికయు సున్నమును కలిపి నీటిని శుద్ధిచేయు నల్లగొండ పద్ధతి అట్టి శ్రమఫలమే. కాని అది రాబోవు తరమునకు రక్ష. వెన్నుపూసలను కట్టియుంచు బంధనములు ఎముకవలె గట్టిపడి, మెడ త్రిప్పలేక, నేలపై కూర్చుండలేక, వెల్లకిల పరుండలేక యున్నవాని వంపును శుద్ధజలము సరిచేయజాలదు. అతని ప్రశ్నలు వేరు. రాత్రి ఎట్లు పరుండిన నొప్పి తగ్గును? వంగలేని స్త్రీ కందిచేనిలో ఏ పనిముట్టుతో కోత కోయగలదు? బస్సు మెట్టెక్కలేనివాడు వైకల్యమును ధ్రువీకరించు సదరం పరీక్షకు ఎట్లు పోవును? ఇవి నేనూహించినవి మాత్రమే. నా యూహ వారి మాటకు బదులు కాజాలదనుటయే నా వాదము.

పునరావాసమునకై ప్రభుత్వము పరిశోధన చేయింపవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టపు 28వ సెక్షను విధించుచున్నది. వికలాంగులకు సంబంధించిన నిర్ణయములలో వారినే సంప్రదింపవలెనని, 2007లో మన దేశము ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చెప్పుచున్నది. బ్రిటనులో 2004నుండి జేమ్స్ లిండ్ అలయన్స్ అను సంస్థ రోగులను, వారి సంరక్షకులను, వైద్యులను ఒక్కచోట చేర్చి, ఏ ప్రశ్నను ముందు పరిశోధింపవలెనో వారందరిచే నిర్ణయింపజేయుచున్నది. చదువురానివారు శాస్త్రమునకు దారి చూపగలరాయని కొందరు సందేహింతురు. పరిశోధనావిధానమును పండితులే నిర్ణయింతురుగాక. ఏ బాధ ముందు తీరవలెనో చెప్పుటకు ఆ బాధ ననుభవించువానికంటె అర్హుడెవడు?

కావున ఈ సీమలో తలపెట్టు ప్రతి పరిశోధనకును ధనము మంజూరు కాకమున్నే, పట్టణములోని కార్యాలయములలో గాక పల్లెలలోనే సభలు జరుగవలెను. వచ్చినవారికి ఆనాటి కూలి ముట్టవలెను, కూర్చుండలేనివారికి నులకమంచము వేయవలెను, గడప దాటలేనివారి యింటికి పరిశోధకుడే నడచి పోవలెను. పని ముగిసిన పిదప అతడు మరల ఆ గడపకే వచ్చి, తాను కనుగొన్నదానిని తెలుగులో చదివి వినిపింపవలెను.