గేటు లోపల ఒకటి... బయట ఒకటి

అమెరికాలో బేస్‌బాల్ సీజన్ ఏప్రిల్ ప్రాంతంలో మొదలవుతుంది. ఉత్తరాది నగరాల్లో అప్పటికింకా చలి వదలదు. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో జట్లన్నీ ఎండ కాసే చోటికి మకాం మారుస్తాయి. దాన్నే స్ప్రింగ్ ట్రెయినింగ్ అంటారు. అలా ఒకే జట్టు 61 వసంతాలు వచ్చిన ఊరు వెరో బీచ్. ఫ్లోరిడా తూర్పు తీరంలో నారింజ తోటలకు పేరుపడ్డ చిన్న పట్నం. 1950 జనాభా లెక్కల్లో అక్కడ 5 వేలమంది కూడా లేరు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఆ ఊళ్లోని నౌకాదళ వైమానిక స్థావరం ఖాళీగా పడి ఉంది. దాన్ని వాడుకోమంటూ స్థానిక వ్యాపారి బడ్ హోల్‌మన్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టును పిలిచాడు. జట్టు పెద్ద బ్రాంచ్ రికీకి కావాల్సిందీ అలాంటి చోటే. కారణం... జాకీ రాబిన్సన్. 1947లో మేజర్ లీగ్‌లో దశాబ్దాల వర్ణ నిషేధాన్ని బద్దలుకొట్టిన నల్లజాతి ఆటగాడు. అంతకు ముందు ఏడాది శిక్షణకని ఇదే ఫ్లోరిడాకు వస్తే శాన్‌ఫర్డ్ అనే ఊరు అతణ్ని ఉండనివ్వలేదు. అతను ఆడతాడని జాక్సన్‌విల్‌లో ఏకంగా మ్యాచ్‌నే రద్దు చేశారు. దాంతో మరుసటి ఏడాది డాడ్జర్స్ శిక్షణ క్యూబాకు మారింది.

వెరో బీచ్‌లో హోటళ్లతో పనిలేదు. నౌకాదళం వదిలేసిన బ్యారక్‌లున్నాయి. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అక్కడే పడుకున్నారు, కలిసే తిన్నారు. ఆ రోజుల్లో, ఆ రాష్ట్రంలో అది మామూలు విషయం కాదు! 1948 మార్చి 31న అక్కడ జరిగిన తొలి మ్యాచ్‌లో రాబిన్సన్ హోమ్‌రన్ కొట్టాడు. మన క్రికెట్లో సిక్సర్ లాంటిదన్నమాట. ఆ శిబిరానికి డాడ్జర్‌టౌన్ అని పేరొచ్చింది.

గేటు దాటితే మాత్రం కథ వేరు. నల్లజాతి ఆటగాళ్లు క్షవరం చేయించుకోవాలన్నా పక్కనే తమవాళ్లుండే గిఫర్డ్‌కు వెళ్లాల్సిందే. ఊరి గోల్ఫ్ మైదానంలోకీ రానివ్వలేదు. అందుకే యజమాని వాల్టర్ ఒమాలీ డాడ్జర్‌టౌన్‌లోనే ఒకటి వేయించాడు. అంతకన్నా విచిత్రం... 1953లో కట్టిన హోల్‌మన్ స్టేడియం! మైదానంలో చప్పట్లందుకునేది నల్లజాతి ఆటగాళ్లు. వాళ్లను చూడ్డానికొచ్చిన నల్లవాళ్లకేమో వేరే సీట్లు, వేరే మరుగుదొడ్లు. ఆటగాళ్లు పట్టుబట్టాక 1962లో గానీ ఆ అడ్డుగోడ పోలేదు. అదే ఏడాది రాబిన్సన్ పేరు హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కింది.

ఊరికీ ఆ జట్టుకీ చనువు ఎక్కువే. చెరువు తవ్విన మట్టినే గట్టులా పోసి ఆ స్టేడియం కట్టారు. భార్య మీద ప్రేమతో ఒమాలీ ఇంకో చెరువును హృదయాకారంలో తవ్వించాడట. వీధి దీపాలు బంతుల్లా ఉంటాయి. ఆటగాళ్లు కూర్చునే చోటుకి కప్పు ఉండేది కాదు. దాంతో అభిమాన ఆటగాణ్ని పిల్లలు చేయి చాచినంత దూరంలో చూసేవాళ్లు.

1958లో జట్టు లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయింది. అయినా ఏటా దేశం ఈ చివర నుంచి ఆ చివరికి వస్తూనే ఉంది... మరో అర్ధ శతాబ్దం! చివరికి దూరమే గెలిచింది. 2008 మార్చి 17న అక్కడ ఆఖరి మ్యాచ్ ఆడి, మరుసటి ఏడాది ఇంటికి దగ్గర్లోని ఆరిజోనాకు మారిపోయింది. 2019లో మేజర్ లీగ్ ఆ ఆవరణను తన చేతుల్లోకి తీసుకుని పిల్లల శిక్షణకు కేటాయించింది. దానికి పెట్టిన పేరు... జాకీ రాబిన్సన్ ట్రెయినింగ్ కాంప్లెక్స్.