వసంతకాలం అంటే ఎప్పుడండీ?

మొన్న నవంబరులో మా టీంలో ఒకబ్బాయి (వాళ్ళది శ్రీకాళహస్తి, ఇంటినుంచే పని) చాట్‌లో ఒక ఫోటో పెట్టాడు. చిన్న ప్లాస్టిక్ కుండీ, అందులో కాక్టస్, కుండీ అడుగు చిల్లుల్లోంచి వేలాడుతున్న వేర్లు. "అన్నా, ఈ శనివారం కుండీ మార్చేద్దామనుకుంటున్నా" అన్నాడు. ఇప్పుడొద్దురా బాబూ, వానలు పోనీ అన్నా. "సరే అయితే ఏప్రిల్‌లో మారుస్తా, వసంతకాలంలో మార్చాలని ఇక్కడ రాశారు" అని ఒక లింకు పంపాడు. అదింకా ఘోరం. అందుకే ఈ టపా.

ఆ పేజీ రాసినాయన తప్పేం లేదు. ఆయన ఊళ్ళో మంచు కరిగి, ఎండ మెల్లగా ముదిరే కాలం అది. మన తిరుపతిలో ఏప్రిల్ అంటే ఏంటో అలిపిరి దగ్గర చెప్పుల్లేకుండా నిలబడ్డవాళ్ళకి తెలుసు. నలభై డిగ్రీలు దాటే ఎండలో, వేర్లు సగం తెగిన మొక్కని కొత్త మట్టిలో పెట్టి కుదురుకోమంటే ఎట్లా కుదురుకుంటుంది? "ఎడారి మొక్కే కదా" అంటారు మళ్ళీ. ఎడారి మొక్క కూడా మరీ వేడెక్కితే పెరగడం ఆపేసి ముడుచుకు కూర్చుంటుంది. పెరగని మొక్క కొత్త వేర్లు వెయ్యదు.

ఇక రెండో సంగతి వాన. దేశంలో చాలామందికి వానాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబరు. మాకు అసలు వాన దసరా దాటాక మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇదే తంతు. హైదరాబాదులో ఉండేవాళ్ళు అక్టోబరులో కుండీ మార్చి బతికించుకోవచ్చేమో. తిరుపతిలో, నెల్లూరులో, చెన్నైలో ఆ పని చేస్తే దేవుడే దిక్కు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేనే చేశా కాబట్టి.

2019 జనవరిలో బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శనకి వెళ్ళి ఒక మామిల్లేరియా కొన్నా. గుండ్రంగా, తెల్లటి ముళ్ళతో, టెన్నిస్ బంతి కంటే చిన్నది. ఉద్యోగంలో చేరి ఆరేడు నెలలైంది, క్యూబికల్లో అది తప్ప నాదంటూ ఇంకేం లేదు. 2020 మార్చిలో అందర్నీ ఇళ్ళకి పొమ్మన్నారు. లాప్‌టాప్ బ్యాగ్ భుజానికి, దీన్ని ఒళ్ళో పెట్టుకుని, కోలారు, పలమనేరు, చిత్తూరు మీదుగా బస్సులో తిరుపతి చేరా. మొగిలి ఘాట్ మలుపుల్లో రెండుసార్లు చేతికి గుచ్చుకుంది. ఇంట్లో అమ్మ మొదటి మాట "ముళ్ళ చెట్టు ఇంట్లోకి తెచ్చినావా?" అని. మేడమీదికి పంపించేసింది.

మేడమీద ఎండకి అది బాగా పెరిగింది. పక్కన రెండు పిలకలు కూడా పుట్టాయి. 2021 అక్టోబరుకి కుండీ నిండిపోయి ప్లాస్టిక్ ఉబ్బింది. నేను వీడియోలు చూసి, ఒక ఆదివారం ఉత్సాహంగా దిగా. పెద్ద కుండీ తెచ్చా (ఎక్కువ పెరగాలని!), పెరట్లో ఎర్రమట్టి, సగానికి సగం వర్మీ కంపోస్టు, పెట్టగానే చెంబుడు నీళ్ళు. ఒక్క పనిలో ఎన్ని తప్పులు చెయ్యొచ్చో అన్నీ చేసి, సంతృప్తిగా కాఫీ తాగా.

నవంబరు 18న తిరుపతిలో ఏం జరిగిందో మీరు టీవీల్లో చూసే ఉంటారు. తిరుమల మెట్లదారిలో నీళ్ళు వాగులాగా దూకాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, ఊళ్ళో వీధులు మునిగాయి. కరెంటు, మంచినీళ్ళు, ఆఫీసుకి లీవు మెసేజీ, ఇదే ధ్యాస. మేడమీద కుండీ ఎవరికి గుర్తుంటుంది? వారం తర్వాత పైకెళ్ళి చూస్తే పైకి బాగానే ఉంది. వేలితో తడితే అడుగంతా మెత్తగా, మగ్గిన అరటిపండులాగా. ఎత్తితే వేర్లు కుండీలోనే ఉండిపోయాయి. అమ్మ "ఇంతింత నీళ్ళలో నానబెట్టినావు కదరా" అంది. నిజమే. వాన పడకపోయినా దాన్ని ఆ కంపోస్టు ముద్దలో నేను చంపేవాణ్ణే, ఇంకో నెల పట్టేదంతే.

రెండు పిలకలు మాత్రం గట్టిగా ఉన్నాయి. కోసి, కోసినచోట ఆరి తోలు కట్టేదాకా పది రోజులు నీడలో కాగితం మీద పడేసి, పొడి ఇసుక మట్టిలో నిలబెట్టా. రెండూ బతికాయి.

అప్పట్నించి నేను పాటించే లెక్క ఇది. మా వైపు అయితే ఫిబ్రవరి మొదటి రెండు వారాలు. వానలు అయిపోయి ఉంటాయి, ఎండ ముదరడానికి ఇంకా ఆరు వారాల టైముంది, మొక్క నిద్రలేస్తూ ఉంటుంది. మదనపల్లె, పలమనేరు లాంటి చల్లటి ఊళ్ళవాళ్ళు నెలాఖరు దాకా ఆగినా పర్లేదు. అది తప్పితే జూన్ చివర, కాస్త ఎండ తగ్గాక. పూత మీదుంటే పూలు రాలేదాకా ఆగండి. కుళ్ళు కనబడితే మాత్రం క్యాలెండర్ చూడకండి, అప్పుడు తీయాల్సిందే, ఏ నెలైనా.

మార్చాలా వద్దా అన్నది ఎలా తెలుస్తుంది? మొక్క కుండీ అంచుని తాకడం, వేర్లు కింద బయటపడటం సరే. నేను ఎక్కువగా చూసేది నీళ్ళని. పోసిన నీళ్ళు పైన నిలిచిపోతున్నా, పక్కలనుంచి సర్రున జారిపోతున్నా మట్టి గట్టిపడి చచ్చిందని అర్థం. మా బోరు నీళ్ళకైతే రెండేళ్ళకే మట్టిమీద తెల్లగా ఉప్పు పేరుతుంది. ఇవేవీ లేకుండా కొన్న వారానికే "కొంచెం పెద్ద కుండీ అయితే బాగుంటుందేమో" అని పీకకండి. నడుస్తున్న కోడ్ జోలికి ఎందుకు పోవద్దంటారో ఇక్కడా అందుకే :-)

ఎలా అంటే, వారం ముందు నీళ్ళు ఆపేయండి. పొడి మట్టి సులువుగా రాలుతుంది, తెగిన వేరు కుళ్ళదు. న్యూస్‌పేపరు నాలుగు మడతలు పెట్టి పట్టీలాగా మొక్క చుట్టూ చుట్టి పట్టుకుంటే చేతికి గుచ్చుకోదు. పాత మట్టి విదిల్చి వేర్లు చూడండి. నల్లగా మెత్తగా ఉన్నవి కత్తిరించి, నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వండి. వేర్ల మధ్య తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే పిండి పురుగు, కడిగేసి ఆరబెట్టాలి. కొత్త కుండీ పాతదానికంటే ఒక అంగుళం పెద్దది, అంతే. మట్టి కుండీ అయితే మేలు, చిల్లు తప్పనిసరి. సగం పైగా జల్లించిన ముతక ఇసుక, ఇటుక ముక్కలు, మిగతాది ఎర్రమట్టి, గుప్పెడు మాగిన ఎరువు. అడుగున గులకరాళ్ళ పొర వేస్తే నీళ్ళు బాగా దిగుతాయని అందరూ చెప్తారు, దిగవు. సన్న మట్టిలోని నీళ్ళు ముతక రాళ్ళలోకి తొందరగా జారవు, ఆ తడి ఇంకా పైకి, వేర్ల దగ్గరికి వస్తుంది. ముందు ఎంత లోతులో ఉందో అంతే లోతులో పెట్టి, వారం దాకా నీళ్ళు పొయ్యకండి. ఈ వారమే కష్టం. చెయ్యి ఊరుకోదు.

ఒక జాగ్రత్త. నర్సరీల్లో కాక్టస్ అని అమ్మేవి అన్నీ కాక్టస్‌లు కావు. గాటు పడితే తెల్లటి పాలు కారిందంటే అది చాలావరకు మన చేనుగట్ల మీద బొంతజెముడుకి చుట్టం. ఆ పాలు కంట్లో పడితే ఆసుపత్రికి పోవాల్సొస్తుంది.

అన్నట్టు, మన రోడ్లపక్క నాగజెముడు కూడా అమెరికా నుంచి దిగినదే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఎర్రరంగునిచ్చే పురుగుల్ని మేపడానికి మద్రాసు సైదాపేటలో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ జెముడు తోటే పెట్టించాడు. తర్వాత ఆ జాతి మొక్కలు దక్షిణాదిన పొలాల మీద పడి ప్రాణం తీస్తే, 1926లో సింహళం నుంచి అలాంటి పురుగునే తెచ్చి వదిలి అణిచారు. దానికి ఎవడూ కుండీ మార్చలేదు, ఇసుక జల్లించలేదు. మా అవ్వ నా తంతు చూసి నవ్వడానికి కారణం ఉంది మరి.

ఆ రెండు పిలకలు ఇప్పుడు ఒక్కోటి వాళ్ళమ్మంత అయ్యాయి, ఒకదానికి కుండీ చాలట్లేదు. రేణిగుంట రోడ్డులో రెండు మట్టి కుండీలు కొని తెచ్చి పెట్టా. శ్రీకాళహస్తి అబ్బాయికీ అదే చెప్పా, ఫిబ్రవరి మొదటి ఆదివారం ఇద్దరం వీడియో కాల్లో మారుద్దామని. ఈలోగా వాడి కుండీ వానకి తడవకుండా సన్‌షేడ్ కింద పెట్టించా.