గర్భిణికి మధుమేహం: పథ్యం ఇంటిల్లిపాదికీ

ఆరవ నెలలోనో, ఏడవ నెలలోనో గ్లూకోజు నీరు త్రాగించి, రెండు గంటల తర్వాత రక్తం పరీక్షిస్తారు. చక్కెర 140 మిల్లీగ్రాములకు చేరిందంటే ఆనాటి నుండి ఆ ఇంట్లో విచారణ ప్రారంభం. "సీమంతంనాడు ఎన్ని పూతరేకులు తిన్నావు?" అని అత్తగారు, "మా వంశంలో ఎవరికీ లేదే!" అని ఆడపడుచు. మలికిపురం, సఖినేటిపల్లి, రాజోలు ప్రాంతాలలో భర్త గల్ఫ్ దేశాలలో ఉండగా అత్తవారింట నెలలు లెక్కించుకొనే కోడళ్ళు ఎందరో. వారి పక్షాన మాట్లాడేందుకు మనిషి ప్రక్కన ఉండడు.

ఆ విచారణయే మొదటి అపథ్యమని నా అభిప్రాయం.

గర్భం సగం దాటిన పిమ్మట మాయ నుండి వెలువడే హార్మోనులు తల్లి దేహంలో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. ఇది శిశువుకు చక్కెర అందేందుకు ప్రకృతి చేసిన ఏర్పాటు. క్లోమగ్రంథి అధికంగా ఇన్సులిన్ తయారుచేసి సరిపెట్టుకొంటుంది; సరిపెట్టలేనప్పుడే మధుమేహం. దిగులు, భయం, నిద్రలేమి వీటికి తోడైతే కార్టిసాల్ అనే మరొక హార్మోను పెరుగుతుంది. అది కాలేయం చేత చక్కెరను రక్తంలోకి విడుదల చేయిస్తుంది. కండరాలపై ఇన్సులిన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమున్నప్పుడు శిశువు ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టిరాయిడ్ ఇంజక్షన్ ఈ జాతిదే. దాని తర్వాత కొన్ని రోజులు తల్లికి చక్కెర పెరగడం వైద్యులెరిగినదే. సూదిమందు చేసే పనిలో కొంతైనా సూటిపోటి మాటలు చేయగలవనుకోవడంలో వింత లేదు.

అయితే దిగులే ఈ వ్యాధికి మూలమనడం తప్పు. వంశపారంపర్యం, స్థూలకాయం, వయస్సు బలమైన కారణాలు. దిగులుకూ దీనికీ గల సంబంధం కొన్ని పరిశోధనలలో కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. "నువ్వు బెంగపడ్డావు గనుకనే వచ్చింది" అంటే అది మరో నింద మాత్రమే.

నూనెతో నిండిన పాత్రను తొణకకుండా పట్టుకొన్నట్లు గర్భిణిని చూసుకోవాలని చరకుడు చెప్పాడు. ఆ మాట పాత్రకు చెప్పినది కాదు, పట్టుకొన్న చేతులకు చెప్పినది.

ఒక చిన్న సంగతి. కువైట్‌లో రాత్రి పది గంటలైతే మనకు పన్నెండున్నర. డ్యూటీ దిగి భర్త చేసే ఫోను కోసం ఈమె మేలుకొని ఉంటుంది. అందులోనూ సగం అప్పుల సంగతులే. నిద్ర తగ్గినా ఇన్సులిన్ పని మందగిస్తుంది. శుక్రవారం సెలవునాడు పగటిపూట తీరికగా మాట్లాడుకోవచ్చు. మిగిలిన రోజులలో కుశలప్రశ్న చాలు. భోజనానంతరం కాలువగట్టున పావుగంట నడిచేటప్పుడు ఆడపడుచు తోడు వెళ్ళవచ్చు. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచే భోజనం ఆమె ఒక్కదానికే విడిగా వడ్డించక, అందరూ అదే తినవచ్చు.

చిట్కాలను అభిమానించే పాఠకులకు ఒక మనవి. కాకరరసం, మెంతిచూర్ణం ఔషధ ప్రమాణంలో గర్భిణులకు క్షేమమని నిర్ధారణ కాలేదు. కూరగా, పోపులో వాడుకోవడం వేరు. తాటిబెల్లమైనా చక్కెరే. ఆహారనియమం, నడకలతో రెండు వారాలలో అదుపు కాకపోతే వైద్యులు మందో, ఇన్సులినో వ్రాస్తారు. దానిని కషాయం కోసం మానరాదు. కాన్పయిన ఆరు వారాలకు మరల పరీక్ష చేయించాలి. బాలింత పనుల సందడిలో ఆ తేదీని ఆమె మరచిపోతుంది కనుక అత్తగారే క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి.