మొద్దు అనే మాటకు బదులు ఏం చెబుదాం?



వార్షికోత్సవ సంచికలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళ గురించి రాయడం మనకు ఆనవాయితీ. నేను మాత్రం స్టడీ అవర్లో చివరి వరుసలో కూర్చుని, తన వంతు వచ్చేసరికి మంచినీళ్ళ వంకతో లేచిపోయే తమ్ముడి గురించి రాస్తున్నాను. అలాంటివాడు ఏ హాస్టల్లోనైనా ఉంటాడు. మాట చురుకు. కబడ్డీలో ముందుంటాడు. విన్న పాఠం పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. పుస్తకమిచ్చి చదవమంటే 'ప'ని 'వ' అంటాడు, 'మ'ని 'య' అంటాడు, ఒత్తులు మింగేస్తాడు. బోర్డు మీది నాలుగు లైన్లు రాసుకునేలోపు గంట కొట్టేస్తారు.

దీన్ని బద్ధకం అనుకుంటాం. డిస్లెక్సియా కావచ్చు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు డాక్టరు ఇలాంటి పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. ఆ కుర్రాడికి లెక్కలు బాగా వచ్చు, చిన్న చిన్న మాటలు చదవడం మాత్రం రాదు. చదువంతా నోటితోనే సాగితే బడిలో అందరికంటే వీడే చురుకని వాళ్ళ మాస్టరే అన్నాడట. నూరేళ్ళు దాటిన సంగతి ఇది. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో దీనికి చోటు లేదు. 2016 చట్టంలో 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' అనే పేరుతో చేరింది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. పెద్ద ప్రైవేటు స్కూల్లో పిల్లవాడు చదవలేకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. మన పిల్లవాడు చదవలేకపోతే "వీళ్ళకు చదువెక్కడ అబ్బుతుంది" అంటారు. ఆ "వీళ్ళు" ఎవరో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ మాట చెవిన పడ్డ పిల్లవాడు ఇబ్బంది అక్షరాల దగ్గరుందనుకోడు, తన పుట్టుకలోనే ఉందనుకుంటాడు. అందుకే, చెప్పకుండా దాచడమే మేలనే పెద్దలతో నేను ఏకీభవించను. "పేరు పెడితే బాధపడతాడు" అంటారు వాళ్ళు. పేర్లు వాడికి ఎప్పుడో పెట్టేశారు: మొద్దు, మట్టిబుర్ర, సున్నా. వాటికంటే అసలు పేరే నయం.

మరి ఎవరు చెప్పాలి? వార్డెన్ గారికి బియ్యం, గుడ్లు, బిల్లులు, హాజరు పట్టీ. ట్యూటర్లకు పదో తరగతి ఫలితాల తొందర. రాత్రి పక్కనే పడుకునేది సీనియర్ అన్నలు. కాబట్టి ఆ పని మీదే. నలుగురి ముందు వద్దు. ట్యాంకు దగ్గర బట్టలు ఉతుక్కునేటప్పుడు చెప్పండి. చేతిలో పనుంటే మొహమాటం తగ్గుతుంది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు విన్నది ఇట్టే పట్టుకుంటావు. చూసిన అక్షరం మాట కావడానికి నీకు టైము పడుతుంది. ఇట్టాంటివాళ్ళు చాలామంది ఉంటారు, నీ తప్పేం లేదు. నేను చదువుతా, విని చెప్పు. తర్వాత ఇద్దరం రెండు లైన్లు చదువుదాం." ఇంతకన్నా ఉపన్యాసం అక్కరలేదు. ఎక్కడ ఆగిపోతున్నాడో వాణ్ణే అడగండి. ఒకడు లైను తప్పిపోతున్నానంటాడు, వాడికి కింద స్కేలు పెడితే కొంత సులువు. ఒకడు ఒత్తు దగ్గర ఆగుతానంటాడు. కుదురుగా కూర్చోలేనివాడి సంగతి, డైనింగ్ హాలు గోలకు చెవులు మూసుకునేవాడి సంగతి వేరు. వాళ్ళనూ ముందు అడిగి తెలుసుకోవాల్సిందే.

ఐన్‌స్టీన్ కథ మాత్రం చెప్పకండి. 2007లో 'తారే జమీన్ పర్' సినిమా వచ్చాక ఆ పేరు చెప్పడం ఒక అలవాటైంది. ఆయనకు ఇది ఉందనడానికి గట్టి ఆధారం లేదు. ఉన్నా మన తమ్ముడికి ఆయనెవరు? ఇదే ఇబ్బందితో ఐటీఐ పూర్తిచేసిన పాత విద్యార్థి ఒక్కడు వచ్చి పక్కన కూర్చుంటే చాలు. పూర్వ విద్యార్థులారా, ఫ్యాన్లు, ప్లేట్లు ఇస్తున్నారు, సంతోషం. ఒక ఆదివారం కూడా ఇవ్వండి.

అయితే చదవలేని ప్రతివాడికీ డిస్లెక్సియా అని మనమే తేల్చేయకూడదు. మిరపకోతలకు అమ్మానాన్నలతో వెళ్ళి నెలల తరబడి బడి పోగొట్టుకున్నవాడికి ముందు కావలసింది పాఠం. కళ్ళు, చెవులు కూడా చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలకు చేసే పరీక్షల్లో అభ్యసన సమస్యలూ ఉన్నాయి. అడిగి చేయించుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. పెద్దాసుపత్రి కావాలంటే మంగళగిరిలోనే ఎయిమ్స్ ఉంది. 40 శాతం వైకల్యమని సర్టిఫికెట్ ఉన్నవారికి రాతపరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. దానికోసం తొమ్మిదో తరగతిలోనే తిరగడం మొదలుపెట్టాలి. పది పరీక్ష ఫీజు కట్టే వేళకు లేస్తే అందదు.

ఆదివారం అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాడి ఎదుటే వాళ్ళకూ చెప్పండి. "మందుతో తగ్గుద్దా అయ్యా?" అని అడుగుతారు. దీనికి మందూ లేదు, తాయెత్తూ లేదు. పద్ధతి మార్చి ఓపిగ్గా నేర్పితే చదవడం వస్తుంది, కాస్త నిదానంగా. "మా వల్ల వచ్చిందా?" అని కూడా అడుగుతారు. కూలికి పోవడం వల్ల రాలేదనీ, కొన్ని కుటుంబాల్లో ఇది తరతరాలుగా ఉంటుందనీ చెప్పండి. అప్పుడు ఏ తండ్రయినా తల వంచుకుని "నాకూ ఇట్టానే ఉండేది, మూడులోనే బడి మానేశా" అనవచ్చు. ఆ సమయానికి పిల్లవాణ్ణి ఆడుకోమని బయటికి పంపెయ్యకండి.