బెత్తెడు దూరం

అది 1984 ఆగస్టు 8వ తేదీ. లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్ తుదిపోటీ జరుగుతోంది. ఒలింపిక్స్ చరిత్రలో ఈ పందేనికి స్థానం లభించింది ఆ ఏడాదే. మొరాకో క్రీడాకారిణి నవాల్ ఎల్ ముతవకిల్ స్వర్ణాన్ని, అమెరికా క్రీడాకారిణి జూడీ బ్రౌన్ రజతాన్ని గెలుచుకున్నారు. కాంస్యం ఎవరిదో మాత్రం కంటికి అందలేదు. న్యాయనిర్ణేతలు ఛాయాచిత్రాన్ని పరిశీలించి ఫలితం తేల్చవలసి వచ్చింది. రుమేనియాకు చెందిన క్రిస్టియానా కొజొకారు 55.41 సెకన్లలోను, భారతదేశానికి చెందిన పి.టి. ఉష 55.42 సెకన్లలోను గీత దాటారు. తేడా సెకనులో నూరవ వంతు. ఉష సగటు వేగాన్ని బట్టి లెక్క వేస్తే అది సుమారు ఏడు సెంటీమీటర్లు. తెలుగువారి కొలతలో చెప్పాలంటే బెత్తెడు దూరం.

ఆ బెత్తెడు దూరాన్ని దేశం నాలుగు దశాబ్దాలుగా తలచుకుంటూనే ఉంది. తలచుకున్న ప్రతిసారీ ‘అదృష్టం కలిసిరాలేదు’ అని నిట్టూర్చి ఊరుకుంటోంది. ఆ మాటలో సానుభూతి ఉన్నది గాని సత్యం లేదు. ఉష క్రీడాజీవితాన్ని నిదానంగా పరిశీలిస్తే, ఆ కొరత ఆమె పాదాలది కాదనీ, ఆ పాదాలకు అండగా నిలవవలసిన వ్యవస్థదనీ బోధపడుతుంది.

ఉష 1964 జూన్ 27న కేరళలోని కోజికోడ్ జిల్లాలో, పయ్యోలి సమీపాన ఒక సామాన్య కుటుంబంలో జన్మించింది. బాల్యంలో అనారోగ్యం ఆమెను వెంటాడింది. 1976లో కేరళ ప్రభుత్వం కణ్ణూరులో బాలికలకు క్రీడాశిక్షణ ఏర్పాటు చేసింది. ఆ ఏర్పాటే లేకపోతే ఉష పేరు పయ్యోలి పొలిమేర దాటేది కాదేమో! శిక్షకుడు ఓ.ఎం. నంబియార్ చూపు ఆ బక్కపలుచని బాలికపైన, ఆమె చురుకైన నడకపైన పడింది. పయ్యోలి సముద్రతీరమే ఆమెకు శిక్షణ మైదానమైంది. ఇసుకలో రాటుదేలిన ఆ పాదాలు పదహారేళ్ల ప్రాయంలోనే, 1980లో, మాస్కో ఒలింపిక్స్‌కు చేరుకున్నాయి. అక్కడ తొలి దశలోనే వెనుదిరిగినా ఆమె నిరాశ చెందలేదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్ల పందేలలో రజతాలు సాధించింది. 1983లో కువైట్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో 400 మీటర్ల స్వర్ణాన్ని అందుకుంది.

హర్డిల్స్ పందెం వట్టి పరుగు కాదు. మొదటి అవరోధం 45 మీటర్ల వద్ద ఎదురవుతుంది. ఆపై 35 మీటర్లకు ఒకటి చొప్పున మొత్తం పది అవరోధాలను దాటాలి. రెండింటి మధ్య ఎన్ని అంగలు వేయాలి, ఏ కాలిపై లేవాలి అన్నది శరీరానికి అలవడి ఉండాలి. మేటి క్రీడాకారిణులతో పదే పదే తలపడితే తప్ప ఆ నేర్పు అబ్బదు. ఉష ఈ పందేన్ని పట్టుగా సాధన చేయడం మొదలుపెట్టిన కొద్దికాలానికే ఒలింపిక్స్ వచ్చిపడింది. తుదిపోటీలో ఒక క్రీడాకారిణి సంకేతానికి ముందే కదలడంతో పందేన్ని మళ్లీ ప్రారంభించారు. చివరి గీత వద్ద ఉష ఛాతీని తగినంతగా ముందుకు వంచలేదని పరిశీలకులు వ్యాఖ్యానించారు. ఇలాంటి ఒడుదుడుకులను తట్టుకొనే నిబ్బరం అనుభవం వల్లనే వస్తుంది. ఒలింపిక్ గ్రామంలో తనకు సరిపడే ఆహారం లభించక గంజితో, ఊరగాయతో సరిపెట్టుకోవలసి వచ్చిందని ఉష తరవాతి కాలంలో చెప్పుకుంది. ప్రపంచస్థాయి పోటీకి దేశం తన బిడ్డను సాగనంపిన తీరు ఇది!

క్రీడలో గెలుపు గెలుపే, ఓటమి ఓటమే అని కొందరు వాదించవచ్చు. అది కాదనరాని మాటే. కొజొకారు న్యాయంగా గెలిచింది. గడియారం ఎవరి పక్షమూ వహించదు. అయితే గడియారం కొలిచేది ఫలితాన్నే గాని సంసిద్ధతను కాదు. సంసిద్ధత లోపించిన ఫలితానికి అదృష్టాన్ని నిందించడం బాధ్యత నుంచి తప్పించుకోవడమే అవుతుంది.

ఉష మాత్రం నిట్టూర్పులతో కాలం గడపలేదు. మరుసటి ఏడాది జకార్తాలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో ఐదు స్వర్ణాలు, ఒక కాంస్యం గెలుచుకుంది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో భారతదేశానికి దక్కిన స్వర్ణాలు మొత్తం ఐదే. అందులో మూడింటిని ఉష ఒంటరిగా గెలిచింది. నాలుగవది ఆమె పాల్గొన్న రిలే జట్టుది. అదే ప్రజానీకం రెండేళ్ల తరవాత ఆమెపై విమర్శల వాన కురిపించింది. 1988 ఒలింపిక్స్‌లో మడమ గాయంతో పరుగెత్తి తొలి దశ దాటలేకపోవడమే ఆమె చేసిన నేరం. ఆ నిందలకు ఆమె మాటలతో బదులు చెప్పలేదు. 1989లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీలలో నాలుగు స్వర్ణాలు, రెండు రజతాలు సాధించింది. వివాహానంతరం, తల్లి అయిన తరవాత మళ్లీ మైదానంలో అడుగుపెట్టి, 34 ఏళ్ల వయసులో, 1998లో ఫుకువోకాలో పతకాలు అందుకుంది. 2000లో పరుగుకు వీడ్కోలు పలికింది.

ఉష 1984లో నెలకొల్పిన 55.42 సెకన్ల జాతీయ రికార్డును మరొక భారతీయురాలు అందుకోవడానికి 39 ఏళ్లు పట్టింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తమిళనాడుకు చెందిన విద్యా రాంరాజ్ సరిగ్గా అంతే సమయంలో పరుగెత్తి ఆ రికార్డును సమం చేసింది. ఇది ఉషకు గొప్ప కీర్తి. దేశానికి గర్వకారణం మాత్రం కాదు. ఒక తరం ప్రతిభను తరువాతి తరం దాటినప్పుడే క్రీడావ్యవస్థ సజీవంగా ఉన్నట్లు లెక్క.

ఈ సత్యాన్ని ముందుగా గ్రహించింది ఉషే. 2002లో ఆమె తన జిల్లాలోనే బాలికల కోసం అథ్లెటిక్స్ పాఠశాలను స్థాపించింది. అక్కడ తయారైన టింటూ లూకా 2010లో 800 మీటర్ల జాతీయ రికార్డును తిరగరాసింది. 2014 ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. తనకు దక్కని వసతులను తన తరువాతివారికి సమకూర్చడమే ఉష సాధించిన అసలైన విజయం. తగిన తోడ్పాటు లభిస్తే ఏమి జరుగుతుందో విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి కూడా నిరూపించింది. విదేశీ శిక్షకుడి పర్యవేక్షణలో, ఆధునిక శిక్షణ కేంద్రంలో సాధన చేసి, 2023లోను 2025లోను 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేతగా నిలిచింది.

2022లో ఉష భారత ఒలింపిక్ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలిగా ఎన్నికైంది. ఒకనాడు వ్యవస్థ లోపాల వల్ల నష్టపోయిన వ్యక్తికే వ్యవస్థను నడిపే బాధ్యత లభించింది. దేశాన్ని ఏ కొలబద్దతో కొలిచామో ఆమె పాలననూ దానితోనే కొలవాలి. ఎందుకంటే ఏ మారుమూల గ్రామంలోనో, ఏ పాఠశాల ఆవరణలోనో ఒక బక్కపలుచని బాలిక ఈనాడు కూడా పరుగెత్తుతూనే ఉంటుంది. ఆమెకు కావలసినది రేపటి సానుభూతి కాదు. నేటి మైదానం, కడుపునిండా పోషకాహారం, గుర్తించగల గురువు. ఆ మూడూ సకాలంలో అందితే బెత్తెడు దూరం దానంతట అదే తరిగిపోతుంది.