తుడపొద్దు, కప్పి పెట్టండి



మన హాస్టల్ పిల్లల్లో ఇప్పుడు చాలామంది ఫోటోలు ఎడిట్ చేస్తున్నారు. వార్షికోత్సవం ఫ్లెక్సీ కూడా మనమే తయారు చేసుకుంటున్నాం. సంతోషమే. కానీ అందరూ మొదట పట్టేది ఎరేజర్. నా అభిప్రాయంలో మొదట నేర్వాల్సింది లేయర్ మాస్క్. ఎందుకో చెబుతాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా జేజినాయనను నేను చూడలేదు. ఆయనది ఒక్కటే ఫోటో ఉండేది, ఎవరిదో పెళ్లిలో గుంపులో తీసింది. దాన్ని పెద్దది చేయించాలని నాయన హిందూపురం పోయి ఒక స్టూడియోలో ఇచ్చాడు. వాళ్లు స్కాన్ చేసి, పక్కన ఉన్న మనుషుల్ని ఎరేజర్‌తో తుడిచి, అదే ఫైల్ మీద సేవ్ చేశారు. వాళ్లతో పాటు జేజినాయన భుజం మీది తువ్వాలు కూడా పోయింది. ఆ ఏడు వానలకు ఇల్లు కారి అసలు ఫోటో పాడైంది. మళ్లీ పోయి అడిగితే తుడిచిన ఫైలే మిగిలి ఉంది. "తువ్వాలు లేకుండా మా నాయన ఎప్పుడూ గడప దాటలేదు" అని నాయన ఇప్పటికీ అంటాడు.

ఎరేజర్ తీసేస్తుంది, మాస్క్ కప్పుతుంది. తేడా అంతే! లేయర్‌కు తెల్ల మాస్క్ తగిలిస్తే ఫోటో అంతా కనిపిస్తుంది. దాని మీద నల్ల బ్రష్ పూసిన చోటు దాగుతుంది. బూడిద రంగు పూస్తే సగం కనిపిస్తుంది, జుట్టు అంచులకు అది పనికొస్తుంది. పొరపాటు జరిగితే తెలుపు పూయండి, పోయిన తువ్వాలు తిరిగి వస్తుంది. బ్రష్ పట్టే ముందు మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేయడం మరవకండి, లేకుంటే రంగు ఫోటో మీదే పడుతుంది. ఫొటోషాప్‌లో పీఎస్‌డీగా, గింప్‌లో ఎక్స్‌సీఎఫ్‌గా సేవ్ చేయండి. జేపెగ్‌లో మాస్క్ నిలవదు. గింప్‌కు డబ్బు కట్టే పని లేదు.

ఫోన్‌లో ఒక్క నొక్కుతో బ్యాక్‌గ్రౌండ్ పోతుంది కదా అంటారు. పోతుంది. కానీ ఏది గోడో, ఏది తువ్వాలో ఫోన్ ఊహించుకుంటుంది. మనకు తెలుసు.

మన ఇళ్లల్లో ఆల్బమ్‌లు లేవు. ఉన్నవి ఒకటో రెండో ఫోటోలు. సెలవులకు ఊరికి పోయినప్పుడు వాటిని స్కాన్ చేసి, అసలు ఫైల్‌ను ముట్టకుండా దాచండి. పని కాపీ మీద, మాస్క్‌తో చేయండి. వచ్చే ఏడు కొత్త పిల్లలకు మొదటి పాఠంగా ఇదే నేర్పమని నా మనవి.

– ఒక పూర్వ విద్యార్థి, అగళి