డబ్బా మేం తెచ్చుకుంటాం, పొడి మీరు తూచి పోయండి

గిరిజన సహకార సంస్థ వైస్ చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి, పాలకమండలి సభ్యులకు,
విశాఖపట్నం.



మీ కౌంటర్లలో అరకు కాఫీ పొడిని ప్యాకెట్లతో పాటు, కొనేవాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాల్లో కూడా తూచి ఇవ్వాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముందు విశాఖపట్నంలో, పాడేరులో, అరకులో చేస్తే చాలు. మిగతా ఊళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఏ కంపెనీదైనా ఫర్వాలేదు, ఖాళీ అయిన కాఫీ పొడి ప్యాకెట్ ఒకటి కత్తెరతో నిలువునా కోసి చూడండి. పైన బొమ్మలు అచ్చేసిన పాలిస్టర్ పొర. నడుమ వెంట్రుక కన్నా పలచగా అల్యూమినియం రేకు. లోపల, పొడి తగిలే వైపు, పాలిథిన్. మూడింటినీ కలిపి అతికించేశారు కాబట్టి గోటితో గీరినా, నీళ్ళలో నానబెట్టినా ఊడిరావు. కొన్నిటికి పైభాగాన చొక్కా బొత్తామంత ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. వేయించిన గింజ కొన్ని రోజుల పాటు బొగ్గుపులుసు వాయువు వదులుతూనే ఉంటుంది. ఆ గాలి బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. ఆ పని చేసేది ఆ బిళ్ళే. అది లేకుండా గట్టిగా సీలు వేస్తే ప్యాకెట్ బూరెలా ఉబ్బుతుంది.

ఈ ఏర్పాటులో తెలివి లేకపోలేదు. గాలి, తేమ, వెలుతురు, మూడూ కాఫీ వాసనకి శత్రువులే. రేకు ఆ మూడింటినీ ఆపుతుంది. తయారై నెలలు గడిచాక ఇంకో రాష్ట్రంలోనో ఇంకో దేశంలోనో విప్పే ప్యాకెట్‌కి ఆ మాత్రం కాపుదల కావాలి. తంటా వచ్చేది ఖాళీ అయ్యాకే. పాలిథిన్ ఒక వేడికి కరుగుతుంది, పాలిస్టర్ అంతకు రెట్టింపు వేడికి గాని కరగదు, రేకు సంగతి చెప్పనే అక్కర్లేదు. విడదీసే పద్ధతులు లేవని కాదు, విడదీయడానికయ్యే ఖర్చు చేతికొచ్చే సరుకు విలువని మించిపోతుంది. అందుకే మా వీధిలో చిత్తు ఏరేవాళ్ళు పాల కవర్లు తీసుకుంటారు, నీళ్ళ సీసాలు తీసుకుంటారు, అట్టపెట్టె కనిపిస్తే వదలరు, వెండిలా మెరిసే కాఫీ ప్యాకెట్‌ని మాత్రం కాలితో పక్కకి నెట్టేస్తారు. పాత సామాన్ల కొట్టులో దానికి రేటు లేదు. తడి చెత్త, పొడి చెత్త అని ఎంత శ్రద్ధగా వేరు చేసి బండికి ఇచ్చినా దాని గతి అంతే. కాలవలోకో, డంపింగ్ యార్డుకో, అదృష్టం బాగుంటే సిమెంటు బట్టీలోకో పోతుంది. కాఫీ పిప్పి గులాబీ కుండీలోకి పోతుంది, పొడికి కాపలా కాసిన ప్యాకెట్ మాత్రం ఎటూ పోలేక మిగులుతుంది.

ఈ మధ్య గోధుమరంగు కాగితం సంచుల ఫ్యాషన్ వచ్చింది. పైకి పాతకాలపు పొట్లంలా ఉంటుంది, ముట్టుకుంటే గరుగ్గా ఉంటుంది, మీద ఆకు బొమ్మ. చింపితే లోపల మళ్ళీ అదే ప్లాస్టిక్, చాలావాటిలో అదే రేకు. కాగితం అనుకుని కాగితాల్లో వేస్తే ఆ కాగితం కూడా చెడుతుంది. నన్నడిగితే రేకు ప్యాకెట్టే నయం, అది తానేమిటో దాచుకోదు. మీరు ప్యాకింగ్ మార్చేటప్పుడు ఎవరైనా ఆ సంచి నమూనా తెచ్చి చూపిస్తే దయచేసి వద్దనండి. ‘మట్టిలో కలిసిపోయేది’ అని తెచ్చే కవర్లతో కూడా జాగ్రత్త. వాటిలో చాలా రకాలు వేడి బాగా పుట్టే పెద్ద కంపోస్టు కేంద్రాల్లో కుళ్ళుతాయి గాని, గెడ్డ ఒడ్డున పారేస్తే కుళ్ళవు.

చట్టం ఉంది కదా అంటారేమో. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలకి తోడు 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు ప్యాకింగుని నాలుగు రకాలు చేశాయి. ప్లాస్టిక్‌తో రేకో కాగితమో కలిపి అతికినవి మూడో రకం. ఎంత బరువు ప్లాస్టిక్ బజార్లోకి వదిలారో దానికి తగ్గ చెత్తని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత కంపెనీలదే. బాగానే ఉంది. కానీ లెక్కంతా టన్నుల్లో, సర్టిఫికెట్లలో నడుస్తుంది. నేను పారేసిన ప్యాకెట్టే తిరిగి రానక్కర్లేదు. ఎక్కడో ఎవరో ఏరిన అదే రకం చెత్త అంతే బరువు చూపిస్తే ఖాతా సరిపోతుంది. కాగితం మీద చెత్త మాయమవుతుంది, అనంతగిరి ఘాట్ రోడ్డు పక్క మాత్రం ఉంటుంది.

ఇక అసలు సంగతి. విశాఖపట్నంలో అరకు కాఫీ కొనే మనిషి పావుకిలోనో అరకిలోనో కొంటాడు. ఫిల్టర్ వేసే ఇంట్లో అది నెల తిరగకుండా అయిపోతుంది. అరకు నుంచి ఇక్కడికి సుమారు 115 కిలోమీటర్లు. పొద్దున్న బయల్దేరిన సరుకు మధ్యాహ్నానికి దిగుతుంది. ఇంత దగ్గరి ప్రయాణానికీ, ఇంత త్వరగా తాగేసే పొడికీ పారిస్ పంపే సరుక్కి వేసినంత ప్యాకింగ్ ఎందుకు? మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బా చాలదా? మా ఊరి కాఫీ వర్క్స్‌లో గింజ మన కళ్ళ ముందే మర పట్టించి డబ్బాలో పోయించుకునే అలవాటు నిన్న మొన్నటి దాకా ఉన్నదే. వేడివేడి పొడి డబ్బాలో పోస్తుంటే ఆ వాసనకి వెనక నిలబడ్డవాళ్ళు కూడా ఇంకో నూరు గ్రాములు ఎక్కువ వేయమనేవారు. వ్యాపారపరంగా చూసినా ఇది నష్టం బేరం కాదు.

మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానంటే, ఇచ్చిపుచ్చుకోవడం మీకు కొత్త కాదు. 1956లో పుట్టిన సంస్థ మీది. మీ డి.ఆర్. (నిత్యావసర సరుకుల) డిపోల్లో ఒక పక్క బియ్యం, పప్పు, ఉప్పు అమ్ముతారు, ఇంకో పక్క చింతపండు, తేనె, కుంకుడుకాయలు కొంటారు. అదే బల్ల, అదే కాటా. అందుకే ఖాళీ ప్యాకెట్లు వెనక్కి తీసుకోమని కూడా అడుగుతున్నాను. మామూలు కంపెనీ ఆ పని చేయాలంటే కొత్తగా ఒక వ్యవస్థ కట్టుకోవాలి. మీకు ఒక గోనె సంచి వేలాడదీస్తే సరిపోతుంది. పైగా సిల్వర్ ఓక్ నీడలో, మిరియం పాదుల పక్కన పండిన గింజ కొండ దిగేది గోనె సంచిలోనే. ఈ ఏడు కాఫీ మోసిన సంచి పై ఏడు రాజ్‌మా మోస్తుంది. చిరిగితే కుట్టేస్తారు, మరీ పాడైతే గుమ్మం ముందు పరుచుకుంటారు. గిరిజన రైతు చేతిలో ఉన్నంతసేపూ ఈ కాఫీకి చెత్త అంటే తెలియదు. చివర్లో, మన చేతికి వచ్చే ముందు, ఆ రేకు చుట్టుకుంటుంది.

డబ్బాలో పోస్తే కల్తీ అంటారు, శుభ్రత అంటారు. నిజమే, అడగాల్సిన ప్రశ్నలే. గింజగా ఉంచి అడిగినప్పుడే మర పట్టండి. గింజలో ఏం కలిపినా కంటికి కనిపిస్తుంది. వేయించిన తేదీ పలక మీద రాయండి. ఖాళీ డబ్బా ముందు కాటా మీద పెట్టించి, ఆ బరువు తీసేసి తూచండి, కొనేవాడికి అనుమానం ఉండదు. ప్యాకింగ్ మిగిలిన మేరకు కిలోకి నాలుగు రూపాయలు తగ్గించినా సంతోషమే, తగ్గించకపోయినా గొడవపడం. ఒక్కటే షరతు, ఈ మార్పుల ఖర్చు రైతుకిచ్చే ధరలోంచి పోకూడదు.

దూరాలకి పంపేవాటికి ప్యాకెట్ తప్పదు. వాటికి రేకు మాని ఒకే జాతి ప్లాస్టిక్‌తో చేసిన పొరలు వాడొచ్చు. మార్గదర్శకాల్లో అది రెండో రకం. రేకంత కాలం కాయదు, కాబట్టి గడువు తేదీ కాస్త ముందుకి జరుగుతుంది. జరగనివ్వండి, కాఫీ తాజాగా అయినా తాగుతారు. నూరు గ్రాముల ప్యాకెట్లు తగ్గించి పెద్దవి పెంచండి. అంతే కాఫీకి చిన్న ప్యాకెట్లలో ప్యాకింగ్ చాలా ఎక్కువ పడుతుంది. రెండు రూపాయల సాచెట్ల జోలికి మాత్రం ఎన్నడూ వెళ్ళకండి. వంజంగి కొండకి మబ్బులు చూడ్డానికి వచ్చినవాళ్ళు వదిలిపెట్టే సాచెట్లు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

నవంబరులో కాఫీ పళ్ళ కోత మొదలవుతుంది. ఆ కోత గింజ వేయించి అమ్మకానికి పెట్టేనాటికి విశాఖపట్నంలో ఒక్క కౌంటర్లో ఒక మర, ఒక కాటా, ఖాళీ ప్యాకెట్లకి ఒక గోనె సంచి పెట్టి చూడండి. మూడు నెలలు నడిపి, ఎన్ని కిలోలు డబ్బాల్లో పోయాయో, ఎన్ని ప్యాకెట్లు వెనక్కి వచ్చాయో ఆ లెక్క అక్కడే గోడ మీద రాయించండి. లెక్క బాగోకపోతే మానేసి నన్ను తిట్టుకోండి. బాగుంటే రెండో కౌంటర్ పాడేరులో తెరవండి.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక ఫిల్టర్ కాఫీ మనిషి